ఆయన నోటికి సరిపోయిన రీడు

నేను పెళ్ళయి ప్రొద్దుటూరు వచ్చేనాటికి క్లారినెట్ గురించి నాకు తెలిసింది చాలా తక్కువ. పెళ్ళి ఊరేగింపులో డప్పులకంటే ముందు నడిచే నల్లటి గొట్టం అనుకునేదాన్ని. దాని మూతి దగ్గర వేలెడంత రెల్లు పేడు ఒకటి బిగించి ఉంటుందని, ఊపిరి తగిలి వణికేది అదేనని, దాన్ని రీడు అంటారని కాపురానికి వచ్చాకే తెలిసింది. గొట్టం ఎంత మంచిదైనా రీడు బాగలేకపోతే పాట లేదు. మా ఆయన బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు. మా మామ సన్నాయి వాయించేవాడట, నేను ఆయన్ను చూడలేదు. ఇంట్లో ఉండేది మా అత్త, మా ఆయన, నేను.

బట్టల సరుకు కోసం మద్రాసు పోయి వచ్చే వ్యాపారి ఒకాయన అప్పుడప్పుడు రీడ్ల డబ్బా తెచ్చిచ్చేవాడు. డబ్బా వచ్చిన రోజు మా ఇంట్లో పండగే. మా ఆయన ఒక్కొక్క రీడునూ తీసి కిటికీలో ఎండకు అడ్డంగా పట్టి చూసేవాడు. కొసన పలచగా, మధ్యలో చిక్కగా, రెండు పక్కలా ఒకే తీరుగా నీడ పడితే మంచిదని పక్కన పెట్టేవాడు. ఒక పక్క మబ్బుగా, ఒక పక్క తెల్లగా ఉంటే మూతి ముడిచేవాడు. డబ్బాలో సగం కూడా ఆయనకు నచ్చేవి కావు. నచ్చినదాన్ని కూడా కొత్తగా ఉండగానే ఊరేగింపుకు తీసుకుపోయేవాడు కాదు. కాసేపు నీళ్ళలో నాననిచ్చి, కాసేపు ఊది, మళ్ళీ ఆరబెట్టి, అట్లా కొన్నాళ్ళు మచ్చిక చేసుకునేవాడు.

ఆరబెట్టడానికి పగిలిన నిలువుటద్దం ముక్క ఒకటి ఉండేది. వాయించి వచ్చాక రీడును మందంగా ఉండే వైపు నుంచి కొసవైపుకు తుడిచి, అద్దం మీద బోర్లా పరిచి, పైన రబ్బరు బ్యాండు వేసేవాడు.

"ఇదంతా ఏంటికి?" అని నేను కొత్తలో అడిగాను.

"అట్ల పెట్టకుంటే ఆరేటప్పుడు అప్పడం మాదిరి వంకర్లు పోతాది. మళ్ళా మూతికి అతకదు" అన్నాడు.

మా వైపు ఎండలకు రీడు బతకడమే కష్టం. ఊరేగింపులో నాలుగు అడుగులు ఆగితే చాలు, తడి ఆరిపోయి కొస అలలు అలలుగా లేస్తుంది. ఎర్రగుంట్ల మీదుగా బస్సులో పోయి వస్తే సిమెంటు లారీల దుమ్ము డబ్బాలోకి కూడా దూరేది. తిరిగి వచ్చాక రీడ్లను మంచినీళ్ళలో కడగడం నా పని. ఎవరూ నాకు అప్పగించలేదు, చూస్తూ చూస్తూ నేనే తీసుకున్నాను.

మా ఆయన గట్టి రీడు మీద వాయించేవాడు. గట్టి రీడుకు ఊపిరి ఎక్కువ కావాలి, పెదవి బిగువు ఎక్కువ కావాలి. కానీ దాని స్వరం దూరం పోతుంది. పెన్న ఇసుకలో నిలబడి వాయిస్తే అవతలి గట్టు మీద వాళ్ళు తల తిప్పి చూసేవాళ్ళని మా అత్త గొప్పగా చెప్పుకునేది. ఆయనకూ ఆ గర్వం ఉండేది. మెత్తటి రీడు వాడే వాళ్ళను చూసి నవ్వేవాడు.

అవి ఫ్యాక్షన్ రోజులు. ఊళ్ళలో రెండు వర్గాలుంటే, వర్గానికొక పార్టీ, పార్టీకొక బ్యాండు. ఈ పార్టీ వాళ్ళ పెళ్ళికి వాయించిన మేళాన్ని ఆ పార్టీ వాళ్ళు పిలిచేవాళ్ళు కాదు. మా వాళ్ళు కావాలని ఒక పక్క చేరలేదు. ఒకసారి ఒక నాయకుడి ఇంట్లో పెళ్ళికి పోయారు, ఆ తర్వాత ఆయన పార్టీ మీటింగుకు పిలిస్తే పోయారు, అంతటితో ముద్ర పడిపోయింది. జమ్మలమడుగులో ఇంకో బ్యాండు ఉండేది. దానికి పెద్ద ఒక సాయిబు, ఆయన కూడా క్లారినెట్టే. ఆయన బ్యాండు అవతలి పార్టీది. ఒకప్పుడు మా మామా ఆయనా ఒకే జాతరలో కూర్చుని వాయించినవాళ్ళట. ఇప్పుడు బస్టాండులో ఎదురుపడినా మా ఆయనా సాయిబూ తలలు పక్కకు తిప్పుకుని పోవాల్సి వచ్చేది. వాళ్ళ మధ్య తగవేమీ లేదు. ఎవరైనా చూస్తారని భయం.

ఒక ఎన్నికలప్పుడు జమ్మలమడుగులో నామినేషన్ ఊరేగింపు. మా బ్యాండు ముందు నడుస్తోంది. అవతలి పార్టీ ఊరేగింపు కూడా ఆ రోజే, వాళ్ళ బ్యాండు వాళ్ళ ముందు నడుస్తోంది. రెండూ వేరే వేరే వీధుల్లో పోవాలని పోలీసులు చెప్పారు కానీ, ఒక నాలుగు రోడ్ల కూడలిలో ఒకదానికొకటి కనిపించాయి. ముందు ఈలలు, తర్వాత తిట్లు, తర్వాత రాళ్ళు. ఒక రాయి వచ్చి మా ఆయన వాయిస్తున్న క్లారినెట్‌కు తగిలింది. గొట్టానికి ఏమీ కాలేదు. ఆ దెబ్బకు నోట్లో పెట్టుకునే మౌత్‌పీసు వెనక్కి వచ్చి నోటిని గుద్దింది. పై వరసలో ముందరి పళ్ళు రెండూ విరిగాయి. పెదవి చీలింది.

ప్రొద్దుటూరు ఆసుపత్రిలో పెదవికి కుట్లు వేశారు. నేను పోయేసరికి ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు, చొక్కా అంతా రక్తం. క్లారినెట్ ఒళ్ళోనే ఉంది. మౌత్‌పీసుకు బిగించిన రీడు నిలువునా చీలి ఉంటే దాన్ని వేలితో తడుముతూ కూర్చున్నాడు.

ఇంటికి వచ్చిన కొద్ది రోజులకే పార్టీ మనుషులు జీపులో వచ్చారు. కాయలు, బ్రెడ్డు తెచ్చారు. మంచిగా మాట్లాడారు. వాళ్ళలో పెద్దమనిషి మా ఆయన పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేశాడు.

"కేసు పెట్టాలప్పా. ఇట్ల ఇడిసిపెడితే రేపు ఇంకోడి తల పగలగొడతారు. పేర్లు మేం చెప్తాం. నువ్వు చూసినాననాల, అంతే."

వాళ్ళు చెప్పిన పేర్లలో జమ్మలమడుగు సాయిబు కొడుకు పేరు కూడా ఉంది. ఆ అబ్బాయి వాళ్ళ బ్యాండులో పెద్ద డ్రమ్ము వాయిస్తాడు. మెడకు డ్రమ్ము వేసుకున్నవాడు రాయి ఎట్లా విసురుతాడని నాకు అనిపించింది, అనలేదు.

మా ఆయన వాపు మూతితో, ఒక్కొక్క మాటా కూడబలుక్కుని చెప్పాడు. "ఊదేటప్పుడు నేను కండ్లు మూసుకుంటా అప్పా. నాకెవురూ కనపల్యా."

పెద్దమనిషి మా అత్త వైపు చూశాడు. మా అత్త గడప దగ్గర నిలబడి ఉంది.

"అవునప్పా. వాడు చిన్నప్పటినుంచి అంతే. కండ్లు మూసుకోనే ఊదుతాడు" అంది.

మా ఆయన కళ్ళు మూసుకుని వాయించడం నేనెప్పుడూ చూడలేదు. ఆయనకు ఎదురుగా నిలబడిన జనం మొహాలు చూస్తూ వాయించడం ఇష్టం. కానీ ఆ రోజు నేను కూడా తల ఊపాను. వాళ్ళు ఇంకాసేపు కూర్చుని లేచిపోయారు. ఆ తర్వాత మా వీధిలోకి ఆ జీపు రాలేదు, ఆ పార్టీ నుంచి పిలుపూ రాలేదు. మాకేం జరుగుతుందోనని కొన్నాళ్ళు వాకిట్లో చప్పుడైతే ఉలిక్కిపడేవాళ్ళం. ఏమీ జరగలేదు. అందుకు ఈ రోజుకూ దేవుడికి దండం పెట్టుకుంటాను.

పెదవి మానింది. పళ్ళు రావు కదా. కుట్లు విప్పాక ఆయన ఒకరోజు క్లారినెట్ నోట్లో పెట్టుకున్నాడు. పై పళ్ళు మౌత్‌పీసు మీద ఆనాలి, అదీ పద్ధతి. విరిగిన పళ్ళు ఆనగానే నొప్పికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పట్టు దొరకలేదు, ఊపిరంతా పక్కలనుంచి పోయింది, స్వరం రాలేదు. ఆయన గొట్టాన్ని విడి భాగాలుగా విప్పి, పెట్టెలో పెట్టి, పెట్టెను అటక మీదికి ఎక్కించాడు. బ్యాండువాళ్ళు ఎర్రగుంట్ల నుంచి ఇంకొకతన్ని తెచ్చుకున్నారు. మా ఆయన పగలంతా లోపలి గదిలో గోడవైపు తిరిగి పడుకునేవాడు. అన్నం పెడితే తినేవాడు, పిలిస్తే పలికేవాడు, అంతకుమించి మాట లేదు. మా అత్త పూలు కట్టి అంగళ్ళకు ఇచ్చేది, నేనూ ఆమె పక్కన కూర్చుని కట్టేదాన్ని. అట్లా ఇల్లు గడిచింది.

ఒక పొద్దున మా వాకిట్లోకి తెల్లటి లుంగీ, బూడిదరంగు చొక్కా వేసుకున్న ముసలాయన వచ్చి నిలబడ్డాడు. చేతిలో చిన్న రేకు డబ్బా ఉంది. నేను గుర్తుపట్టలేదు. మా అత్త గుర్తుపట్టి, చేతిలోని పూలు కింద పెట్టి గబగబా లేచింది.

"సాయిబన్నా, నువ్వు ఈడికి రావచ్చునా? ఎవురన్నా చూస్తే?"

"చూడనీ అక్కా. బస్సులో వచ్చినా, టికెట్టు తీసుకోని వచ్చినా" అన్నాడు ఆయన.

మా అత్త ఆయన్ను లోపలికి పిలిచి తలుపు వేసింది. వేసి ఒక నిమిషం ఆలోచించి, మూస్తేనే అనుమానం అని మళ్ళీ బార్లా తెరిచింది. ఆయన చాప మీద కూర్చున్నాడు.

"అక్కా, నీ కొడుకు నా కొడుకు పేరు చెప్పల్యా అంట. మాకు తెలిసింది. చెప్పింటే నా కొడుకు ఈ పొద్దు జైల్లో ఉండును. ఆ మాట చెప్పి పోదామని వచ్చినా. యాడ పిల్లోడు?"

మా అత్త లోపలి గది వైపు చూపించింది. నేను పోయి పిలిచాను. మా ఆయన గోడవైపు నుంచి తిరగలేదు. "ఏం మాట్లాడాల? పండ్లు పోయినాయని చూపిచ్చాల్నా? పొమ్మను" అన్నాడు. ఆ మాట సాయిబుకు వినిపించే ఉంటుంది. ఆయన ఏమీ అనుకోలేదు. నన్ను పిలిచి ఎదురుగా కూర్చోమన్నాడు.

"అమ్మా, నీకు రీడ్ల సంగతి తెలుసా?"

"కడగడం, ఆరబెట్టడం తెలుసు చిన్నాయనా."

"అది తెలిస్తే సగం తెలిసినట్టే. ఇట్ల చూడు." ఆయన పెదవులు రెండూ లోపలికి మడిచి, ముసలి నోటిని చిన్న సంచి మూతిలా చేసి చూపించాడు. "నేను పండ్లు తగలనియ్యను. కింది పెదవి ఎట్ల మడుస్తామో పై పెదవీ అట్లనే మడుస్తా. మా ఉస్తాదు నాకు అట్లనే నేర్పిచ్చె. పన్ను ఉన్నా లేకున్నా నోటికి బాధ లేదు. కానీ అట్ల ఊదాలంటే మీ ఆయన వాడే గట్టి రీడు పనికిరాదు. పెదవి తట్టుకోదు. మెత్తంది కావాల."

"మెత్తనివి యాడ దొరుకుతాయి?"

"దొరకవు. మనమే చేసుకోవాల."

ఆయన గొంతు కొంచెం పెంచి మాట్లాడుతున్నాడని నాకు అప్పుడు తెలిసింది. నాతో మాట్లాడుతున్నట్టే, గోడ అవతలికి కూడా చెబుతున్నాడు.

డబ్బా తెరిచి తన పాత రీడ్లు కొన్ని చాప మీద పెట్టాడు. ఒక పాత మౌత్‌పీసు, గడ్డం గీసుకునే బ్లేడు, చాలా సన్నటి ఉప్పుకాగితం. మా అద్దం ముక్క తెప్పించుకున్నాడు. ముందు రీడు వెనకవైపు అద్దం మీద పరిచిన ఉప్పుకాగితానికి ఆనించి, మెల్లగా నాలుగుసార్లు నడిపాడు. అడుగు చదునుగా లేకపోతే పైన ఎంత గీకినా లాభం లేదన్నాడు. తర్వాత రీడును తిప్పి పైవైపు చూపించాడు. మధ్యలో వెన్నెముకలా ఉండే మందం జోలికి పోవద్దన్నాడు, అది పోతే స్వరం కూలబడుతుందట. ఆ వెన్నుకు అటూ ఇటూ గీకాలి. కొసను చివర్లో, భయపడుతూ ముట్టుకోవాలి.

"ఊదితే గాలి చప్పుడు వస్తాంటే గట్టిగా ఉండాదని లెక్క. గీకాల. ఊదంగానే మూసుకపోయి తేనెటీగ మాదిరి జుమ్మంటాంటే మరీ మెత్తబడిందని లెక్క. అప్పుడు కొస రవ్వంత కత్తిరించాల. కీచుమనిందంటే రెండు పక్కలా సమానంగా లేదని. అప్పుడేం చేయాలంటే..." మౌత్‌పీసు నోట్లో పెట్టుకుని ఒకసారి కుడివైపుకు వాల్చి, ఒకసారి ఎడమవైపుకు వాల్చి ఊదాడు. ఒకవైపు స్వరం తేలిగ్గా వచ్చింది, ఒకవైపు మొండికేసింది. "యా పక్క మొండికేస్తుందో ఆ పక్క గీకు. బ్లేడు వద్దు, ఉప్పుకాగితంతో. గీకినాక మళ్ళా తడిపి మళ్ళా ఊది చూడు. తొందరపడితే చెడిపోతాది. చెడిపోతే పోనీ, ఇవన్నీ నేర్చుకోడానికే తెచ్చినా."

"నేను ఊదాల్నా చిన్నాయనా?" అన్నాను.

"ఊదకుంటే ఎట్ల తెలుస్తాది? రీడు కంటికి చెప్పదు, నోటికే చెప్తాది."

పోయే ముందు సైకిలు ట్యూబు ముక్క ఒకటి వేలిగోరంత కత్తిరించి, మౌత్‌పీసు పైన పళ్ళు ఆనే చోట జిగురుతో అతికించి ఇచ్చాడు. ఒకవేళ పన్ను తగిలినా నొప్పి లేకుండా ఉంటుందని. మా అత్త పెట్టిన బొరుగుల ఉగ్గాని తిన్నాడు. లోపలి గది గడప దగ్గర ఒక నిమిషం నిలబడి, "పోయొస్తా నాయనా" అని వెళ్ళిపోయాడు. గోడవైపు తిరిగి పడుకున్న మా ఆయన వీపు కొంచెం కదిలింది.

ఆ మధ్యాహ్నం నుంచే మొదలుపెట్టాను. మొదటి రీడు కొస బ్లేడుకు లేచిపోయింది. రెండోది వెన్నెముక దాకా గీకేశాను, చెప్పినట్టే స్వరం కూలబడింది. ఊదడం అంతకంటే కష్టమైంది. ముందు గాలి తప్ప ఏమీ రాలేదు, తల తిరిగింది. తర్వాత వచ్చినవన్నీ కీచులే, మేకపిల్లను తొక్కినట్టు. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు గొట్టం నోట పెట్టుకోవడం ఎవరూ ఎరగరు. మా అత్త ఏమంటుందోనని నేను ఆమె వైపు చూడకుండా ఊదేదాన్ని. ఆమె వాకిట్లో పూలు కడుతూనే ఉండేది. ఎదురింటి గాజుల బీబీ ఒకరోజు వచ్చి, "మీ వాడు మళ్ళీ మొదలుపెట్టినాడా అక్కా? నోరు ఇంకా బాగైనట్టు లేదే" అని అడిగింది. మా అత్త తడుముకోకుండా, "బాగైతాంది, మెల్లగ" అంది. నేను నవ్వు ఆపుకోలేక మౌత్‌పీసు కింద పెట్టేశాను. బీబీ పోయాక మా అత్త లోపలికి వచ్చి నన్ను చూసి, "నువ్వు ఊదుకో మే. వాకిట్లో నేనుండా" అంది. ఆ మాట నాకు ఎంత ధైర్యమిచ్చిందో ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

రోజూ పూలు కట్టడం అయ్యాక కూర్చునేదాన్ని. మెల్లగా చేతికి తెలిసింది. ఉప్పుకాగితం రీడు మీద నడిచే చప్పుడు మారడం తెలిసింది. ఒకరోజు ఒక రీడు, ఊపిరి బలం లేని నాకు కూడా, నిలకడగా పలికింది. ఒకే ఒక్క స్వరం. సన్నగా, బాగుంది. ఆగకుండా దాన్నే ఊదుతూ కూర్చున్నాను. అంతలో కొస ఆరిపోయినట్టుంది, మళ్ళీ కీచుమంది. మళ్ళీ ఊదాను, మళ్ళీ కీచు.

"పెదవి బిగించొద్దు" అని వినిపించింది.

తల ఎత్తితే మా ఆయన లోపలి గది గడపలో నిలబడి ఉన్నాడు.

"బిగించొద్దు మే. కొరకొద్దు. తడుపు ముందు, ఆరిపోయింది అది."

రీడును నాలుకతో తడిపి మళ్ళీ ఊదాను. పలికింది. ఆయన వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. చాలాసేపు నా చేతిలోని మౌత్‌పీసునే చూశాడు. సైకిలు ట్యూబు ముక్కను గోటితో గీరి చూశాడు. "ఇట్ల ఇయ్" అన్నాడు.

పై పెదవి లోపలికి మడవడానికి ఆయనకు ఇబ్బంది అయింది. కుట్లు వేసిన చోట పెదవి గట్టిపడి ఉంది. మూడు నాలుగుసార్లు జారిపోయింది. వాకిట్లో పూలు కట్టే మా అత్త చేతులు ఆగిపోయాయి. తర్వాత స్వరం వచ్చింది. మునుపటి స్వరం కాదు, పెన్న అవతలికి పోయే స్వరం కాదు. మెత్తగా, కొంచెం గాలితో, గొంతు పట్టేసినవాడు మెల్లగా మాట్లాడినట్టు ఉంది. ఆయన ఆపి, "మెత్తటి రీడు" అన్నాడు, నవ్వుతున్నట్టు, ఏడుస్తున్నట్టు. తర్వాత తనే అటక మీద నుంచి పెట్టె దించుకున్నాడు.

ఆ తర్వాత మాకు అదే పని. నేను గీకేదాన్ని, ఆయన ఊది చెప్పేవాడు. "ఎడమ పక్క రవ్వంత", "కొస ముట్టొద్దు", "ఇది చాలు, దీన్ని ఇంక ముట్టుకోవద్దు". ఒకే రీడును రోజూ వాడకుండా, ఒకటి వాడితే ఇంకొకటి అద్దం మీద ఆరేలా మార్చి మార్చి ఇచ్చేదాన్ని. ఊరేగింపు మధ్యలో గీకే వీలు ఉండదు కాబట్టి రీడు గట్టిగా అనిపిస్తే వెంట్రుకవాసి కిందికి, మెత్తగా అనిపిస్తే వెంట్రుకవాసి పైకి జరిపి బిగించుకోవడం ఆయనే నాకు చెప్పాడు. ఆయన వాయించలేక పడుకున్న రోజులకంటే ఆ రోజుల్లో మేము ఎక్కువ మాట్లాడుకున్నాం. పెళ్ళయినప్పటి నుంచి లెక్కేసినా అంతే.

పులివెందుల దగ్గర చీనీ తోటలు, అంటే బత్తాయి తోటలు ఉన్న ఒక రైతు కూతురి పెళ్ళి వచ్చింది. ఆయన సొంత చుట్టాలు ఒక పార్టీ, భార్య తరఫు వాళ్ళు ఇంకో పార్టీ. ఒక్క బ్యాండును పిలిస్తే సగం మంది రారు. అందుకని రెండు బ్యాండ్లూ పిలిచాడు. మా బ్యాండులో క్లారినెట్‌కు మా ఆయనే కావాలని అడిగాడు. అట్లా అడగమని చెప్పింది జమ్మలమడుగు సాయిబు అని మాకు తర్వాత తెలిసింది.

మా ఆయన ఒప్పుకున్నాడు కానీ, "నువ్వూ రావాల" అన్నాడు నాతో. "రీడు ఏమన్నా అయితే నాకు చేయి ఆడదు."

బ్యాండుతో ఆడమనిషి పోవడం లేదు. మా అత్త ఆ ఇంటి ఆడవాళ్ళకు పూలు తీసుకుపోతున్నట్టు నన్ను తయారు చేసింది. నిజంగానే పూల గంప ఒకటి ఇచ్చింది. గంపలో పూల కింద రీడ్ల డబ్బా, చిన్న నీళ్ళ సీసా.

పెళ్ళికొడుకు ఊరేగింపు మిట్టమధ్యాహ్నం బయలుదేరింది. రెండు బ్యాండ్లూ వంతులవారీగా వాయించాలని ఒప్పందం. ఒకటి పాట ముగించాక ఇంకొకటి మొదలుపెట్టాలి, ఒకరి పాటలో ఒకరు వేలు పెట్టకూడదు. రోడ్డుకు ఈ పక్క ఒక వర్గం మగవాళ్ళు, ఆ పక్క ఇంకో వర్గం మగవాళ్ళు. అందరి కళ్ళూ ఎదుటివాళ్ళ చేతుల మీదే ఉన్నాయి. నేను ఆడవాళ్ళ గుంపులో గంప పట్టుకుని నడుస్తున్నాను.

మా ఆయన వంతు వచ్చింది. వాయించాడు. గాలి కొంచెం ఉంది కానీ పాట చక్కగా వచ్చింది. ముసలివాళ్ళు కొందరు తలలు ఊపారు. పాట సగంలో ఉండగా ఎవరో పెళ్ళికొడుకు మీదికి పూలదండ విసిరారు. అది గురి తప్పి వచ్చి మా ఆయన క్లారినెట్ మూతికి చుట్టుకుంది. దండ లాగేటప్పుడు రీడు కొస చిట్లింది. స్వరం చటుక్కున ఆగిపోయింది.

డప్పులు ఒక క్షణం తడబడ్డాయి. దండ విసిరినవాడు ఏ పార్టీవాడు అని ఇటువైపు మగవాళ్ళు తలలు తిప్పారు. నేను గుంపులోంచి బయటికి వచ్చాను, అందరూ చూస్తారనే ధ్యాసే లేదు. గంపలోంచి సీసా తీశాను. ఒక రీడు నీళ్ళలో నానే ఉంది.

అప్పుడు వెనకనుంచి ఇంకో క్లారినెట్ వినిపించింది. సాయిబు. ఆయన వంతు కాదు. మా ఆయన ఎక్కడ వదిలాడో సరిగ్గా అక్కడినుంచి, అదే పాట అందుకున్నాడు. ఆయన కొడుకు పెద్ద డ్రమ్ముతో మా డప్పుల లయను పట్టుకున్నాడు. పాట తెగిందని తెలిసేలోపే అతుక్కుంది. నేను చిట్లిన రీడు విప్పి కొత్తది బిగించబోయాను. తొందరలో అది పక్కకు జారింది. మా ఆయన, "మెల్లగ, మెల్లగ, ఆయన వాయిస్తాండాడులే" అన్నాడు.

బిగించాక మా ఆయన కూడా అందులో కలిశాడు. సాయిబు పాటను మా ఆయనకు వదిలి, కింద ఒకే స్వరం పట్టుకుని నిలబడ్డాడు. రోడ్డు పక్కన ఒకతను, "ఇది ఎవరి వంతప్పా?" అని అడిగాడు. పెళ్ళికూతురి తండ్రి, "నా కూతురి వంతు. నడవండి ముందుకు" అన్నాడు. కొందరు నవ్వారు. నవ్వినవాళ్ళు రెండు పక్కలా ఉన్నారు. ఊరేగింపు కదిలింది. భోజనాలు అయ్యాయి, పెళ్ళి అయింది, ఎవరికీ గీత కూడా పడలేదు. వచ్చేటప్పుడు ఆ రైతు నా పూల గంప నిండా చీనీకాయలు పోయించాడు.

ఆ తర్వాత కూడా చెడ్డ రోజులు ఉన్నాయి. గొడవలు ఆగడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. కానీ మా ఇంటికీ సాయిబు ఇంటికీ మధ్య తల తిప్పుకుని పోవడం ఆ పెళ్ళితో పోయింది. ఆయన నెలకొకసారి బస్సులో వచ్చేవాడు. వయసు మీదపడి ఆయనకు మిగిలిన పళ్ళు కూడా పోయాయి, ఊపిరి తగ్గింది. ఆయన రీడ్లు కూడా నేనే గీకి ఇచ్చేదాన్ని, మా ఆయనవాటికంటే ఇంకా పలచగా. ఒకసారి ఊది చూసి, "ఇది మరీ మెత్తగ ఉండాదమ్మా, నేను ఇంకా అంత ముసలోన్ని కాలేదు" అన్నాడు. కొస రవ్వంత కత్తిరించి ఇస్తే సరిపోయిందన్నాడు. రాజుపాలెం నుంచి, ఎర్రగుంట్ల నుంచి కూడా వాయించేవాళ్ళు రీడ్లు తెచ్చి నాకు ఇవ్వడం మొదలుపెట్టారు. ఏ పార్టీకి వాయిస్తారో నేను అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. గడపలో ఎదురుపడినవాళ్ళు పక్కపక్కన చాప మీద కూర్చుని తమ రీడు కోసం చూసేవాళ్ళు.

ఇప్పుడు పెళ్ళిళ్ళకు లారీ మీద పెద్ద స్పీకర్లు పెడుతున్నారు. మా ఆయనకు పిలుపులు తగ్గాయి. అయినా పొద్దున్నే కాసేపు వాయిస్తాడు. వీధిలో పోయేవాళ్ళు కొందరు నిలబడి విని పోతారు. నేను వంటింట్లో ఉండి వింటాను. స్వరంలో గాలి ఎక్కువైనట్టు అనిపిస్తే చేయి కడుక్కుని బయటికి వస్తాను. ఆయన అప్పటికే రీడు విప్పి నా వైపు చాపి ఉంటాడు.